ముఖానికి ఇంజెక్షన్లు: మూడు చోట్ల మూడు రేట్లు చెబితే ఏది లెక్కలోకి తీసుకోవాలి?

అడిగింది విజయవాడ నుంచి ఒక గృహిణి. వయసు 47. వచ్చే మాఘమాసంలో కూతురి పెళ్లి, అంటే ఇంకా ఐదు నెలల టైముంది. నుదుటి మీద గీతలు, బుగ్గల మీద మంగు, కళ్ల కింద నలుపు, మొత్తంగా ముఖం వాడిపోయినట్టుందని ఆవిడ బాధ. మూడు చోట్ల కనుక్కున్నారు. హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో ఒక క్లినిక్ 'స్కిన్ బూస్టర్' మూడు సిట్టింగులకు 75,000 రూపాయలు అంది. విజయవాడలోనే ఒక చర్మవైద్యుడు పీఆర్‌పీ ఆరు సిట్టింగులకు 30,000 చెప్పారు. బంధువులు చెప్పిన ఒక బ్యూటీ సెంటర్ 'ఫుల్ ఫేస్ బొటాక్స్ 9,999, గ్లూటాథయోన్ డ్రిప్ పది డోసులు 40,000' అని ఆఫర్ ఇచ్చి, 5,000 అడ్వాన్స్ కూడా కట్టించుకుంది. బడ్జెట్ 70,000 లోపు. మూడింట్లో ఏది నయం అని ప్రశ్న.

అమ్మా, నేను హైదరాబాద్‌లో చర్మవైద్యంలో ఉన్నదాన్ని. ఈ ఇంజెక్షన్లు నేనూ చేస్తాను. కాబట్టి నా మాటలో వైద్యమెంతో వ్యాపారమెంతో మీరే చూసుకోండి. మొదట ఒక మాట చెప్తాను. ఈ మూడు కోట్‌లను పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. ఒక్కోటి ఒక్కో సమస్యకు. బొటాక్స్ కండరం మీద పనిచేస్తుంది. స్కిన్ బూస్టర్ చర్మంలో తేమ పెంచుతుంది. పీఆర్‌పీ మీ రక్తంలోని ప్లేట్‌లెట్లతో చర్మాన్ని కాస్త ప్రేరేపిస్తుంది. చర్మం తెల్లబడుతుందని చెప్పి నరానికి ఎక్కించే గ్లూటాథయోన్ సంగతి కింద విడిగా రాస్తాను. ఇక మీరు రాసిన నాలుగు బాధల్లో ఫొటోలో అన్నిటికంటే ముందు కనిపించేది మంగు. దానికి ఈ మూడు చోట్లలో ఎవరూ వైద్యం చెప్పలేదు!

అందుకే మంగుతోనే మొదలుపెడతాను. మంగుకు సూది అక్కర్లేదు. ట్రనెగ్జామిక్ యాసిడ్ అనే మందును చర్మంలోకి చిన్న చిన్న సూదులతో ఇచ్చే పద్ధతి ఒకటుంది, నిజమే, కానీ అది క్రీములు, సన్‌స్క్రీన్ సరిగ్గా వాడాక కూడా తగ్గనివాళ్లకు. ఎండ, వేడి, హార్మోన్లు మంగును రేపుతాయి. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని, ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ ఒకటి కొనుక్కోండి. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా గీత గీసినంత తీసుకుని ముఖానికి, మెడకు రాయాలి, మధ్యాహ్నం మళ్లీ రాయాలి. ఇలా రాస్తే 50 గ్రాముల ట్యూబు నెలకు మించి రాదు. మా దగ్గరకు వచ్చేవాళ్లు 'ఆరు నెలలుగా వాడుతున్నాం డాక్టర్' అంటూ ఇంకా సగం మిగిలిన ట్యూబు చూపిస్తారు. దాంతో పాటు అజెలాయిక్ యాసిడ్ లాంటి క్రీము డాక్టర్ రాసిస్తారు. నెలకు 1,200 నుంచి 2,000 అవుతుంది. మూడు నెలలకు తేడా తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త. మందుల షాపులో 'మంగు క్రీము' అని అడిగితే ఇచ్చేది చాలాసార్లు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టెరాయిడ్ మూడూ కలిపిన ట్యూబు. పది రోజుల్లో ముఖం వెలిగిపోతుంది. ఆరు నెలలు రాస్తే చర్మం పలచబడి, ఎర్రబడి, వెంట్రుకలు మొలిచి, ఆపగానే మంగు రెట్టింపై వస్తుంది. 2018లో ప్రభుత్వం చర్మానికి రాసే పలు స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లోకి, అంటే చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల్లోకి తెచ్చింది. అయినా కౌంటర్ మీద దొరుకుతూనే ఉన్నాయి. మీరు ఇప్పటికే అలాంటిది వాడుతుంటే ఏ ఇంజెక్షన్ వేయించుకునేముందైనా డాక్టర్‌కు చెప్పండి.

కళ్ల కింద నలుపుకు ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. కిటికీ ఎదురుగా అద్దం పట్టుకుని, తల కాస్త పైకెత్తి, వెలుతురు నేరుగా ముఖం మీద పడేలా చూడండి. నలుపు బాగా తగ్గిపోయిందంటే అది గుంట వల్ల పడే నీడ. అలాగే ఉందంటే రంగు. గుంటయితే ఫిల్లర్, అంటే గుంటను నింపే జెల్ ఇంజెక్షన్, పనికొస్తుంది, హైదరాబాద్‌లో 1 మి.లీ.కి 25,000 నుంచి 40,000 దాకా ఉంది. రంగయితే ఎంత ఫిల్లర్ వేసినా డబ్బు దండగ, పైగా అక్కడి చర్మం పలచన కాబట్టి నీలంగా, ఉబ్బుగా కనిపించే ప్రమాదం ఉంది. కంటి కింద ఫిల్లర్ చేయి తిరిగినవాళ్లు మాత్రమే చేయాల్సిన పని. మీ వయసులో హిమోగ్లోబిన్, థైరాయిడ్ ఒకసారి చూపించుకోవడం వీటన్నిటికంటే ముందు. పీరియడ్స్ ఎక్కువై రక్తం తగ్గిపోయిన మనిషికి 30,000 పెట్టి ఫిల్లర్ వేస్తే ముఖంలో కళ ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక బొటాక్స్. 9,999 ఆఫర్‌ను విడదీసి చూద్దాం.

ముడతల్లో రెండు రకాలు. కనుబొమలు ముడిచినప్పుడో, ఆశ్చర్యంతో పైకెత్తినప్పుడో పడే గీతలు కండరం వల్ల వచ్చేవి. ముఖం మామూలుగా ఉన్నప్పుడు కూడా కనిపించేవి ముదిరినవి. మొదటి రకానికి బొటులినం టాక్సిన్‌కు, అంటే బొటాక్స్‌లో ఉండే మందుకు, సాటి లేదు. కెనడాలో కారుథర్స్ దంపతులు కళ్ల జబ్బులకు దీన్ని వాడుతూ ముడతలు తగ్గడం గమనించి 1992లో రాశారు. అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2002లో కనుబొమల మధ్య గీతలకు అనుమతి ఇచ్చింది. మూడు నాలుగు రోజులకు పని మొదలై, రెండు వారాలకు పూర్తిగా తెలుస్తుంది. మూడు నాలుగు నెలలు ఉంటుంది.

ధర మాట్లాడాల్సింది యూనిట్లలో. బొటాక్స్ బ్రాండుకు లేబుల్ మీద ఉన్న మోతాదు కనుబొమల మధ్యకు 20 యూనిట్లు, నుదుటికి ఇంకో 20, రెండు కళ్ల పక్క గీతలకు కలిపి 24. మొత్తం 64. హైదరాబాద్‌లో యూనిట్ 250 నుంచి 450 దాకా నడుస్తోంది. 250 లెక్కనే చూసినా 64 యూనిట్లకు 16,000. మరి 9,999కి 'ఫుల్ ఫేస్' ఎలా వస్తుంది? తక్కువ యూనిట్లయినా వేయాలి, మందు పలచనైనా చేయాలి, లేదా అది అసలు మందే కాకపోవాలి.

పలచన చేయడమంటే ఏమిటో చెప్తాను, ఎందుకంటే పేషెంట్లకు ఇది ఎవరూ చూపించరు. బొటాక్స్ సీసా చేతికిస్తే ఖాళీ సీసా ఇచ్చారా అనిపిస్తుంది. అడుగున కనీకనిపించని తెల్లటి పొర, అంతే. సీసాలో గాలి ఉండదు, వాక్యూమ్. సెలైన్ నింపిన సిరంజి సూదిని మూతలో గుచ్చగానే సెలైన్‌ను సీసా తానే లాక్కుంటుంది. లాక్కోకపోతే ఆ సీసా వాడకూడదని లేబుల్ మీదే ఉంది. 100 యూనిట్ల సీసాలో 2.5 మి.లీ. సెలైన్ కలిపితే ప్రతి 0.1 మి.లీ.లో 4 యూనిట్లు ఉంటాయి. అలా ఐదు చోట్ల పొడిస్తే కనుబొమల మధ్యకు కావాల్సిన 20 యూనిట్లు సరిపోతాయి. అదే సీసాలో 5 మి.లీ. కలిపితే అవే ఐదు పొడుపులు, అంతే నీరు, కానీ లోపలికెళ్లేది 10 యూనిట్లు. మీకు నొప్పి అంతే, గుర్తులు అంతే. ఆరు వారాలకే గీతలు తిరిగొస్తే 'మీ శరీరతత్వం అమ్మా' అంటారు. అందుకని సీసా మీ ఎదురుగా తెరవమనండి, ఎంత సెలైన్ కలుపుతున్నారో అడగండి. మంచి డాక్టర్ ఎవరూ ఈ ప్రశ్నకు నొచ్చుకోరు.

యూనిట్ ధర చూసి మోసపోవడం ఇంకో రకంగానూ జరుగుతుంది. డిస్పోర్ట్ అనే బ్రాండు యూనిట్లు, బొటాక్స్ యూనిట్లు ఒకటి కావు. కనుబొమల మధ్య బొటాక్స్ 20 యూనిట్లు పడే చోట డిస్పోర్ట్ లేబుల్ మోతాదు 50 యూనిట్లు. 'మా దగ్గర యూనిట్ 150కే' అన్న బోర్డు చూసి చవకనుకోవద్దు. 150 చొప్పున 50 యూనిట్లకు 7,500. 350 చొప్పున 20 యూనిట్లకు 7,000. రెండూ మంచి మందులే, లెక్క మాత్రం వేసుకోవాలి.

మీకు నా అంచనా, ముఖం చూడకుండా చెప్తున్నాను కాబట్టి అంచనాయే, కనుబొమల మధ్యకు నుదుటికి కలిపి 40 యూనిట్ల లోపు. 350 చొప్పున 14,000. దానిపై జీఎస్టీ. జబ్బులకు వైద్యం మీద జీఎస్టీ లేదు గానీ, అందం కోసం చేసేవాటికి క్లినిక్‌లు 18 శాతం వేస్తాయి. అంటే 16,520. కోట్‌లో పన్ను కలిపారా లేదా అని అడగకపోతే కౌంటర్ దగ్గర తెలుస్తుంది. మెడిక్లెయిమ్ వీటికి రాదు, అడగనే అక్కర్లేదు. ఇంకో సంగతి, మూడు నాలుగు నెలలకు పోతుంది కాబట్టి ఏడాదంతా ఉంచుకోవాలంటే మూడు సార్లు, 50,000కు దగ్గరగా అవుతుంది. పెళ్లికి ఒక్కసారి చాలనుకుంటే ఒక్కసారే వేయించుకోండి. ఆపేస్తే గీతలు మునుపటికంటే ఎక్కువవుతాయన్నది ఉత్త మాట. ఎప్పటిలా వస్తాయి, అంతే.

ఇక జూబ్లీహిల్స్ వాళ్ల 75,000. 'స్కిన్ బూస్టర్' అన్నది ఒక మందు పేరు కాదు, రకం పేరు. హైలురోనిక్ యాసిడ్ అని మన చర్మంలోనే ఉండే, నీటిని పట్టి ఉంచే పదార్థం. దాన్ని గట్టి జెల్‌గా చేస్తే ఫిల్లర్, గుంటలు నింపుతుంది. పలచగా చేసి చర్మం నిండా చిన్న చిన్న మోతాదుల్లో ఇస్తే బూస్టర్. ఇది ముఖాన్ని ఉబ్బించదు, ఆకారం మార్చదు. చర్మం తేమగా, నున్నగా, సన్న గీతలు తగ్గినట్టు ఉంటుంది. మెనోపాజ్ దగ్గరపడేకొద్దీ చర్మం పొడిబారి, దాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీన్ తగ్గుతుంది కాబట్టి 'వాడిపోయినట్టుంది' అన్న మీ మాటకు ఈ మూడు కోట్‌లలో సరిపడేది ఇదొక్కటే.

కానీ ఏ బూస్టర్? ప్రొఫిలో అయితే ఒక్కో సిరంజిలో 2 మి.లీ., అందులో 64 మి.గ్రా. హైలురోనిక్ యాసిడ్ ఉంటుంది. ఒక్కో చెంపకు ఐదు పాయింట్లు, మొత్తం పది పొడుపులు, నెల తేడాతో రెండు సిట్టింగులు. మూడోది మామూలుగా అవసరం లేదు. వోలైట్ అయితే సాధారణంగా ఒకటే సిట్టింగు. రెస్టిలేన్ వైటల్‌ను నెలకొకటి చొప్పున మూడు సార్లు ఇస్తారు, ఒక్కో సిరంజి 1 మి.లీ. చూశారా, '3 సిట్టింగులు 75,000' అన్న ఒక్క వాక్యంలో 3 మి.లీ. ఉండొచ్చు, 6 మి.లీ. ఉండొచ్చు. ఈ తేడా చెప్పకుండా ఆ కోట్ ఎక్కువో తక్కువో ఎవరూ చెప్పలేరు. ప్రొఫిలో సిట్టింగు హైదరాబాద్‌లో 25,000 నుంచి 35,000 మధ్య ఉంటోంది. బ్రాండు పేరు, ఒక్కో సిట్టింగుకు ఎన్ని మి.లీ., ఎన్ని సిట్టింగులు అని వాట్సాప్‌లో రాయించుకోండి. ఫోన్లో కౌన్సెలర్ చెప్పేది లెక్కలోకి రాదు. ఫలితం ఆరు నెలల పైన ఉంటుంది, తర్వాత మళ్లీ వేయించుకోవాలి.

సిరంజి ఒక మనిషికి ఒకటే. ఇది గట్టిగా చెప్తున్నాను. 'అక్కాచెల్లెళ్లు ఇద్దరూ రండి, ఒక సిరంజి పంచుకుంటే సగం ధర' అనే చోట్లు ఉన్నాయి. 'మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి వచ్చే నెల మీకే వేస్తాం' అనేవాళ్లూ ఉన్నారు. రెండూ వద్దు. హెపటైటిస్, హెచ్‌ఐవీ నుంచి చీము పట్టడం దాకా అన్నిటికీ దారి అదే.

విజయవాడ డాక్టర్‌గారి పీఆర్‌పీ సిట్టింగుకు 5,000. అది న్యాయమైన ధరే, మన దగ్గర 4,000 నుంచి 10,000 దాకా ఉంది. చేతి నరం నుంచి 10, 20 మి.లీ. రక్తం తీసి, యంత్రంలో గిర్రున తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న పసుపు పచ్చటి ద్రవాన్ని విడదీసి ముఖంలోకి ఇస్తారు. జుట్టుకు దీని మీద పరిశోధన ఎక్కువే ఉంది. ముఖానికి ఫలితం మనిషికో రకంగా ఉంటుంది. కొందరికి మెరుపు వస్తుంది, కొందరికి డబ్బులు పోవడమే. అందుకే ఆరు సిట్టింగులు ఒకేసారి కట్టకండి. మూడు చేయించుకుని ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడండి. 'మన రక్తమే కదా, ఏ రియాక్షనూ ఉండదు' అన్నది సగం నిజం. ఎలర్జీ రాదు. కానీ ట్యూబులు, సూదులు శుభ్రంగా లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది. అమెరికాలో న్యూమెక్సికోలో లైసెన్స్ లేని ఒక స్పాలో పీఆర్‌పీ ఫేషియల్ చేయించుకున్న ఆడవాళ్లకు హెచ్‌ఐవీ సోకిందని అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2024 ఏప్రిల్‌లో రాసింది. స్పా 2018లోనే మూతపడింది, నిజం బయటపడటానికి ఇన్నేళ్లు పట్టింది. మీ పేరు రాసిన ట్యూబు, మీ ఎదురుగా విప్పిన సూది, ఈ రెండూ కళ్లారా చూసుకోండి.

మీరు అడగలేదు గానీ క్లినిక్‌కు వెళ్తే 'సాల్మన్ డీఎన్‌ఏ' పేరు తప్పకుండా చెప్తారు. అంటే చేప డీఎన్‌ఏ ముక్కలతో చేసే, కొరియా నుంచి వచ్చిన పాలీన్యూక్లియోటైడ్ ఇంజెక్షన్, రెజురాన్ అనే బ్రాండు దానికి పేరు తెచ్చింది. చర్మం మరమ్మతుకు పనికొస్తుందన్న ఆధారాలు కొన్ని ఉన్నాయి. సిట్టింగు 15,000 నుంచి 30,000, మూడు నాలుగు సార్లు కావాలి. పెళ్లి బడ్జెట్‌లో దీనికి చోటు లేదు. ఎక్సోజోమ్‌లు (కణాలు విడుదల చేసే అతి సూక్ష్మమైన సంచులు) అంటే ఇంకా దూరం. పైపూతకు అని డబ్బా మీద రాసి ఉన్నదాన్ని సూదితో ఎక్కిస్తున్నారు. స్కల్‌ప్ట్రా, రేడియెస్ లాంటి కొల్లాజెన్ పెంచేవి చెంపలు జారినవాళ్లకు మంచివే, కానీ నెలల తరబడి ఓపిక పట్టాలి, హైలురోనిక్ యాసిడ్‌లా వాటిని కరిగించే విరుగుడు లేదు. మీకు ఇప్పుడు అవసరం లేదు.

గ్లూటాథయోన్ 40,000. ఈ ఒక్కదానికి లెక్క కూడా వేయను. చర్మం తెల్లబడటానికి దీన్ని నరానికి ఎక్కించడం మన దేశంలో అనుమతి పొందిన వాడకం కాదు. ఫిలిప్పీన్స్‌లో ఇది విపరీతంగా పాకితే అక్కడి ఔషధ సంస్థ ప్రజలకు హెచ్చరిక జారీ చేయాల్సి వచ్చింది. కాలేయం, కిడ్నీల మీద ప్రభావం, తీవ్రమైన చర్మ రియాక్షన్లు అందులో రాసినవే. డ్రిప్ పెట్టేది పార్లర్‌లో కుర్చీలో కూర్చోబెట్టి, రియాక్షన్ వస్తే అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇవ్వడానికి డాక్టర్ కూడా ఉండరు. మన చామనఛాయకు ఈ పది డోసుల డ్రిప్పు దేనికమ్మా? పెళ్లిలో మీ ముఖం ఆరోగ్యంగా, మచ్చలు తగ్గి కనిపిస్తే చాలదూ!

కొన్ని చోట్ల సీసా మీద 'కాస్మెటిక్' అని ఉంటుంది, 'అందుకే సేఫ్ అండీ' అంటారు. నిజానికి ఆ మాటే దాన్ని పట్టిస్తుంది. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం ప్రకారం కాస్మెటిక్ అంటే ఒంటికి రుద్దేది, పోసేది, చల్లేది, పూసేది. సూదితో లోపలికి ఎక్కించేది కాస్మెటిక్ అయ్యే ప్రసక్తే లేదు. బొటులినం టాక్సిన్ మందు. ఫిల్లర్లు, బూస్టర్లు వైద్య పరికరాల నిబంధనల కిందికి వస్తాయి, విదేశాల నుంచి తెచ్చేవాటికి కేంద్ర ఔషధ సంస్థ దిగుమతి లైసెన్స్ ఉండాలి. డబ్బా మీద మన దేశపు దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ, బ్యాచ్ నంబరు కనిపించాలి. అక్షరాలన్నీ కొరియన్‌లోనో అరబిక్‌లోనో ఉండి, ఇండియా స్టిక్కరే లేకపోతే అది ఎవరో సూట్‌కేసులో తెచ్చిన సరుకు. దారిలో ఎంత ఎండకు ఎండిందో ఎవరికి తెలుసు? బొటాక్స్ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాల్సిన మందు.

నా దగ్గరకు ఒక బ్యాంకు ఉద్యోగిని వచ్చారు. రెండు కళ్ల కింద పెసరగింజంత గడ్డలు. ఎక్కడో పార్లర్‌లో 'ఫిల్లర్' వేశారట. ఏ ఫిల్లరమ్మా అంటే తెలియదు. బిల్లు చూపించారు, అందులో 'స్కిన్ సర్వీస్ 14,000' అని ఒకే ఒక లైను. హైలురోనిక్ యాసిడ్ అయితే హైలురోనిడేజ్ అనే ఎంజైమ్ వేసి కరిగించొచ్చు. ఇంకేదైనా అయితే అది పనిచేయదు. ఏమి వేశారో తెలియకుండా చీకట్లో తడుముకోవాల్సి వచ్చింది. కాబట్టి సిరంజి డబ్బాలో వచ్చే బ్యాచ్ నంబరు స్టిక్కరు మీ ఫైల్లో అంటించమనండి, ఫోన్లో ఫొటో తీసుకోండి, బిల్లు మీద మందు పేరు, మోతాదు రాయమనండి. రాయమంటే మొహం మాడ్చుకునే చోట వేయించుకోవద్దు.

ఫిల్లర్ వేసే చోట హైలురోనిడేజ్ సీసా ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉందా అని కూడా అడగండి. ఫిల్లర్ పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే ఆ భాగం తెల్లబడి, తర్వాత వలలాగా నీలం మచ్చలు వస్తాయి, విపరీతమైన నొప్పి ఉంటుంది. గంటల్లో విరుగుడు పడాలి. ముక్కు, కనుబొమల మధ్య చోట్లలో అయితే చూపే పోవచ్చు. అరుదే, కానీ జరిగినప్పుడు 'రేపు రండి' అంటే కుదరదు. బొటాక్స్ తర్వాత మింగడం, ఊపిరి తీయడం కష్టమైతే నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి. సూది లేకుండా ఒత్తిడితో మందు లోపలికి కొట్టే 'హైలురాన్ పెన్' అనేది కూడా పార్లర్లలో తిరుగుతోంది. దాన్ని వాడొద్దని ఎఫ్‌డీఏ 2021లోనే చెప్పింది.

వేసేది ఎవరన్నది ధర కంటే ముందు చూడాల్సింది. చర్మవైద్యంలో ఎండీ, డీఎన్‌బీ లేదా డీడీవీఎల్, లేకపోతే ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్. గోడ మీద వేలాడే 'కాస్మెటాలజీ డిప్లొమా' చాలదు. డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు అడిగి రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు, రెండు నిమిషాల పని. కన్సల్టేషన్‌కు పెద్ద డాక్టర్ కూర్చుని సూది మాత్రం టెక్నీషియన్ వేసే చోట్లూ ఉన్నాయి, ఆ సంగతి ముందే అడగండి. మీరు మీ వైపు నుంచి చెప్పాల్సినవి కూడా ఉన్నాయి. రక్తం పలచబడే మాత్రలు, చేప నూనె, విటమిన్ ఇ వాడుతున్నారా, పెదవి మీద జ్వరపు పొక్కులు తరచూ వస్తాయా, కండరాల జబ్బేమైనా ఉందా. గుండెకు ఆస్పిరిన్ వాడుతుంటే దీనికోసం సొంతంగా ఆపకండి, కాస్త కమిలినా ఫరవాలేదు.

ఇప్పుడు మీ ఐదు నెలలకు నేనైతే ఇలా పంచుతాను. ఈ వారమే విజయవాడలో చర్మవైద్యుణ్ణి కలిసి రక్తపరీక్షలు, మంగుకు క్రీములు, సన్‌స్క్రీన్ మొదలుపెట్టండి. ఐదు నెలలకూ కలిపి 10,000 దాకా. పెళ్లికి మూడు నెలల ముందు బూస్టర్ మొదటి సిట్టింగు, నెల తర్వాత రెండోది. బేరమాడితే రెండూ కలిపి 50,000 లోపు రావొచ్చు, ప్యాకేజీల్లో బేరానికి చోటుంటుంది, మొహమాటపడకండి. పెళ్లికి నెల రోజుల ముందు బొటాక్స్ 16,000. రెండు వారాలకు డాక్టర్ మళ్లీ చూసి, ఒక కనుబొమ ఎత్తుగా ఉంటే సరిచేయడానికి టైముంటుంది. ఆ టచప్‌కు మళ్లీ డబ్బు తీసుకుంటారా అని ముందే తేల్చుకోండి. మొత్తం 76,000, మీ బడ్జెట్ కాస్త దాటింది. దాటకూడదంటే బూస్టర్ వదిలేయండి. క్రీములు, బొటాక్స్ రెండే అయితే 26,000తో అయిపోతుంది, ఫొటోల్లో తేడా చాలావరకు ఆ రెండే తెస్తాయి. మిగిలింది చీరకో నగకో వాడుకోండి. పీఆర్‌పీ కోరిక ఉంటే విజయవాడలో మూడు సిట్టింగులు 15,000, అదీ బూస్టర్‌కు బదులుగా. రెండూ కలిపి చేయించుకునే అవసరం లేదు.

పెళ్లి పనుల హడావుడిలో మర్చిపోయే విషయాలు రెండు. బొటాక్స్ వేసిన పూట నాలుగు గంటలు పడుకోవద్దు, ముఖం రుద్దవద్దు, సాష్టాంగ నమస్కారాలు మర్నాటికి పెట్టుకోండి. తర్వాత రెండు వారాలు పార్లర్‌లో ఫేషియల్ మసాజ్ వద్దు. నలుగు పెట్టేనాటికి నెలవుతుంది కాబట్టి దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. కొత్త క్రీము, కొత్త పీల్ ఏదైనా పెళ్లికి ముందు మూడు వారాల్లో మొదలుపెట్టవద్దు. మన ఛాయకు చిన్న మంట పుట్టినా నల్ల మచ్చగా మిగులుతుంది, అది పోవడానికి నెలలు పడుతుంది.

డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చే మన చెల్లెళ్లకు కూడా ఒక మాట, మీ ఇంటి పెళ్లికీ వస్తారు కాబట్టి. అక్కడ యూనిట్ 10 నుంచి 20 డాలర్లు, ఇక్కడ 250 నుంచి 450 రూపాయలు, ఆశ పుట్టడం సహజం. అయితే వచ్చిన మొదటి వారంలోనే వేయించుకోవాలి, రెండు వారాలకు చూపించుకున్నాకే ఫ్లైట్ ఎక్కాలి. తిరుగు ప్రయాణానికి ముందు రోజు ఫిల్లర్ వేయించుకుంటే, ఇబ్బంది వచ్చినప్పుడు వేసిన డాక్టర్ వేల మైళ్ల దూరంలో ఉంటారు.

బ్యూటీ సెంటర్‌కు కట్టిన 5,000 సంగతి. రాతపూర్వకంగా, వాట్సాప్ అయినా సరే, చికిత్స వద్దనుకుంటున్నాను, అడ్వాన్స్ వాపసు ఇవ్వమని పెట్టండి. రసీదు దాచుకోండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. అప్పటికీ రాకపోతే ఆ 5,000 పోయిందనుకోండి గానీ, అది పోతుందని మిగతా 45,000 మాత్రం కట్టకండి.